వంతెన మీది గచ్చు

నేలలో పాతిన కర్ర నీడ మూడో రాయి మీదికి రావాలి. అప్పుడు ఎగువన తూము ఎత్తుతారు. అప్పుడు నీళ్లు ఈ వంతెన మీదికి వస్తాయి. ఇప్పుడు నీడ రెండో రాయి దాటి జానెడు దూరం నడిచింది. ఇంకో గంట అన్నాడు వకీల్ నాసర్. ఈ గల్ఫ్ దేశంలో వకీల్ అంటే కోర్టు మనిషి కాదు, ఊరి కాలువకు పెద్ద, నీళ్ల వంతులు పంచేవాడు. తెల్ల గడ్డం, చేతిలో ఇంకో కర్ర. మణికట్టుకు గడియారం కూడా ఉంది. గడియారం పెట్టుకుని నేల మీద నీడను చూస్తాడు. ఎందుకని అడిగితే గడియారం నాది, నీడ ఊరిది అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. నాకు మనుషుల మాటలు నచ్చడం తక్కువ.

పిట్టగోడకు వీపు ఆనించి కూర్చున్నాను. రాయి చల్లగా ఉంది, ఎండ వెచ్చగా ఉంది, రెండూ ఒకేసారి వీపుకూ మొహానికీ తగులుతుంటే ఒళ్లు హాయిగా ఉంది. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. నాలుగు నెలలు ఈ వంతెన మీద పని చేశాను, ఏ రోజూ ఇట్లా కూర్చోలేదు. పనిలో ఉన్నవాడికి గోడ కనిపిస్తుంది, వంతెన కనిపించదు. ఇవాళ డ్యూటీ కాదు, చూడటానికి వచ్చాను, టూరిస్టు లెక్క. వాగుకు అటొక బురుజు, ఇటొక బురుజు, మధ్యన నాలుగు కమాన్లు. బురుజులకు తుపాకి కన్నాలు. పైన రెండు గాడిదలు పక్కపక్కన నడిచేటంత దారి, దారి పక్కన మూరెడు వెడల్పు కాలువ. శత్రువు వస్తే తలుపులు మూసేవారట, నీళ్లు మాత్రం లోపలికి నడిచేవట. ఏడు వందల ఏళ్లని బోర్డు మీద రాశారు. కట్టినవాడి పేరు రాయలేదు. ఎక్కడా రాయరు. కానీ రాళ్ల మీద ఉలి గాట్లు కుడి నుంచి ఎడమకు వాలి ఉన్నాయి. వాడు ఎడమ చేతివాటం మనిషి. ఈ సంగతి నాకూ వాడికీ తప్ప ఎవరికీ తెలియదు. నాలుగు నెలలు వాడితో పొద్దంతా మాట్లాడాను. బతికున్నవాళ్లలో అంత మంచి తోడు నాకు దొరకలేదు.

బడిలో ఉన్నప్పుడు ఒకసారి సారు పలక మీద వంతెన గీయమన్నాడు. నాలుగో తరగతి. అందరూ కింద నీళ్లు గీసి పైన ఎడ్లబండి గీశారు. నేను కింద వాగు గీసి, పైన కూడా నీళ్లే గీశాను. మా ఊరి పొలిమేరలో పెద్ద కాలువ వాగు మీదుగా పోయేది, నేను చూసిన వంతెన అదే. సారు పలకతోనే నెత్తి మీద కొట్టాడు. నీళ్ల మీద నీళ్లు పోతయారా గాడిదా అన్నాడు. పలక పగిలింది. ఏడో తరగతి దాకా ఆ బడికే పోయాను, ఆ సారును మాత్రం క్షమించలేదు. పోయాడని తెలిసిన రోజు కూడా. ఇప్పుడు ఆయన్ను లేపి తెచ్చి ఇక్కడ నిలబెట్టాలనిపిస్తుంది. చూడు సారూ, ఏడు వందల ఏళ్ల నుంచి నీళ్లు వంతెన మీదే పోతున్నాయి, పలక ఇయ్యి. అట్లా అనుకుంటే నవ్వొచ్చింది. నవ్వు బయటికే వచ్చినట్టుంది, ఫొటోలు తీసుకుంటున్న తెల్లదొరసాని నా వైపు చూసి తనూ నవ్వింది. నేను మొహం తిప్పుకున్నాను. మళ్లీ నవ్వొచ్చింది.

నీడ నాలుగు వేళ్లు జరిగింది. నవ్వుకునే పొద్దు కాదిది. కాలువ కారితే రేపే నా పని గీకేస్తారు. మా కంపెనీ ఇంజినీరు ముందే చెప్పాడు. వాడొక పిల్లగాడు, చదువుంది, చెయ్యి లేదు. మాకన్నా ముందు రెండు కంపెనీలు ఈ కాలువకు గచ్చు వేశాయి, రెండుసార్లూ కమాన్ల కింద నీళ్లు కారి రాళ్లకు తెల్ల ఉప్పు పట్టింది. మూడోసారి, ఆఖరుసారి, సున్నం పని తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని ఖురంలోని మా విల్లాల సైట్‌లో అడిగితే నేను చెయ్యి ఎత్తాను. ఎందుకెత్తానో తెలియదు. ఇరవై ఏళ్లుగా విల్లాలకు టైల్సు అతికిస్తున్న చెయ్యి అది. ఇవాళ కమాను కింద ఒక్క చుక్క కనిపించినా సిమెంటు పోస్తానన్నాడు ఇంజినీరు. ఎడమ చేతివాడి రాళ్ల మీద సిమెంటు. పోయనీ, నాదేం పోయింది అనుకోవచ్చు. అనుకోలేకపోతున్నాను. ఈ గచ్చు లెక్క నాది కాదు. శాంతవ్వది.

శాంతవ్వ నా భార్య. చేయి తిరిగిన మేస్త్రీలు కూడా ఆమెను అడిగి గచ్చు కలిపేవారు. గడీల మరమ్మతైనా, పాత దిగుడుబావులైనా గానుగ చుట్టూ ఎడ్లు తిరుగుతుంటే ఆమె గాడిలో చెయ్యి పెట్టి చూసేది. సున్నం ఒక పాలు, ఇసుక పాలున్నర, ఇటుక పొడి అర పాలు. కరక్కాయలు దంచి మూడు రోజులు నానేసిన నీళ్లు, బెల్లం నీళ్లు. కాగితం మీద ఎక్కడా లేదు, ఆమె నాలుక మీద ఉండేది. వేలితో తీసి నాలుకకు రాసుకుని ఉమ్మేసేది. ఇంకో చెంబెడు బెల్లపు నీళ్లు అనేది, లేకుంటే చాలనేది. ఉండ చేసి కుండ నీళ్లలో వేసి పడుకునేది, తెల్లారి ఉండ ఉండలాగే ఉంటే ఇక గోడ గురించి మాట్లాడేది కాదు. ఆరిన గచ్చును గోటితో కొట్టి చెవి పెట్టి వినేది. ఏమంటున్నదే అని నేను ఎగతాళి చేస్తే, నీ కంటె మంచిగ మాట్లాడుతున్నది అనేది. ఇక్కడ కాల్చిన మట్టిని సరూజ్ అంటారు, ఇటుక పొడి చోటులో అది వేశాను. కరక్కాయలు ఊరి నుంచి వచ్చేవాడితో తెప్పించాను. బెల్లం ఇక్కడి రూవీ బజారులో దొరికింది. నేను గచ్చు నాలుకకు రాసుకోవడం చూసి వకీల్ నాసర్ కూడా వేలు పెట్టి నాకాడు. మొహం వెలిగిపోయింది. హల్వా, హల్వా అని కేకలేసి ఊరందరికీ చెప్పాడు. మర్నాడు ఆయన మనుమరాలు నిజం హల్వా గిన్నె పంపింది. దానికన్నా గచ్చే మేలని ఆయనే నా చెవిలో అన్నాడు. శాంతవ్వ విని ఉంటే నాలుగు రోజులు నవ్వేది.

ఆమె నవ్వడం గుర్తొచ్చిందంటే అవతలి బురుజు వైపు చూడక తప్పదు. అక్కడ ఆమె నవ్వే కూర్చుని ఉంది, ఇస్తారి మొహంలో. శాంతవ్వ తమ్ముడు, నా బామ్మర్ది. అవే పళ్లు, అవే చిన్న కళ్లు. ఆరేళ్లుగా నేను వాడితో మాట్లాడటం లేదు. ఒకే రూమ్, ఒకే స్టవ్, ఒకే సైట్, వాడు కలిపితే నేను పూస్తాను. మాట మాత్రం లేదు. వాడు నాతో చెప్పాల్సింది బకెట్‌కు చెబుతాడు. బకెట్, గచ్చు గట్టి పడుతున్నదట, చెప్పు. నేను గోడకు చెబుతాను. గోడా, ఇంకో మగ్గు నీళ్లు. రూమ్‌లో అందరూ నవ్వుతారు, ఈ ఇద్దరికీ ఒక బకెట్‌తో పెళ్లి చేశారంటారు. నవ్వనీ. ఇవాళ పొద్దున డ్రైవర్ జిలానిని నన్నొక్కడినే తీసుకుపొమ్మన్నాను. బండెక్కితే వెనక సీట్లో ఇస్తారి ఉన్నాడు, ఒళ్లో సంచి, కాళ్ల మధ్య బకెట్. పని లేని రోజు బకెట్ ఎందుకు? అడగాలంటే మాట్లాడాలి. కాలువ గచ్చును మెరుగు పెట్టేటప్పుడు వాడి చేతిలో నున్నటి నల్ల గులకరాయి చూశాను. శాంతవ్వ మెరుగు రాయి అది. వాడికి ఎప్పుడిచ్చిందో. అదీ అడగలేదు.

మా మధ్య మాట పోయింది ఒక దుప్పటి దగ్గర, ఎర్రది. రూవీలో అది కొన్న దుకాణం ఇప్పటికీ ఉంది, దాని ముందు నుంచి నడవను. ఆరేళ్ల కింద మే నెల. అక్కకు జరం గట్టిగున్నది బావా, నువ్వు పోయి చూసి రా అన్నాడు ఇస్తారి. కంపెనీ నాకు సెలవిచ్చింది, టికెట్ రేపటికి. సాయంత్రం వాడిని వెంటబెట్టుకుని బజారుకు పోయాను. ఒట్టి చేతులతో ఎట్లా పోవాలి? గల్ఫ్ నుంచి వచ్చేవాడి భుజాన దుప్పటి లేకుంటే ఊళ్లో కుక్క కూడా మొరగదు. నీలం బాగుందన్నాను. వాడు ఎర్రది విప్పి పట్టుకున్నాడు. అక్కకు ఎరుపైతే మంచిగుంటది బావా అన్నాడు. దుకాణంవాడితో బేరం కూడా ఆడాడు. శాంతవ్వ అప్పటికి పోయి ఒక రోజు. సున్నం బట్టీ దగ్గర వడదెబ్బ. వాడికి తెలుసు. రూమ్‌లో అందరికీ తెలుసు. ఇక్కడ అట్లాగే చేస్తారు, మనిషి విమానం ఎక్కేదాకా చావు చెప్పరు, సీరియస్ అంటారు. దారిలో కూలిపోతాడని, తిండి మానేస్తాడని. నేనూ ఇద్దరికి అట్లాగే చెప్పాను. అయినా నేను వాళ్ల వెంట పోయి దుప్పటి రంగు ఎంచలేదు. దుప్పటి భుజాన వేసుకుని ఊళ్లో దిగేసరికి బూడిద కూడా చల్లారింది. వాకిట్లో ఆడవాళ్లు నా మొహం చూడలేదు, దుప్పటి చూసి ఏడ్చారు.

నీడ ఇప్పుడు మూడో రాయికి బెత్తెడు దూరం. జిలాని వచ్చి పక్కన కూలబడ్డాడు. కడప మనిషి, మాట ఆపితే ఊపిరాడనివాడు.

“ఏం మేస్త్రీ, పెండ్లికొడుకు మాదిరి ఉండావే. గచ్చు కారితే ఏం జేస్తావ్?”

“నీ బండి కింద పడత.”

“వద్దప్పా, మొన్ననే కడిగించినా.” గడ్డం ఎత్తి అవతలి బురుజు దగ్గర ఇస్తారిని చూపాడు. “ఆయప్ప సంచిలో ఏముందో తెల్సునా? సున్నం, కరక్కాయ నీళ్ల డబ్బా. కారితే ఈడనే కూచోని ఆ సందు పూడ్చాలంట, ఇంజినీరు రేపు సిమెంటు తెచ్చేలోపల. నాలుగు గంటలకే లేసి కట్టుకున్నాడు.”

నేను అవతలి బురుజు దగ్గరి ఆ సంచి వైపు చూశాను.

“ఆ పొద్దు నిన్ను ఎయిర్‌పోర్ట్‌లో దింపినాక గూడ ఇంతే. రూముకు పోదాం రా అంటే రాలా. సైట్‌కు తీస్కపొమ్మన్యాడు. శుక్రవారం, సైట్‌లో పురుగు ల్యా. సిమెంటు కలపను మొదలుపెట్న్యాడు. ఎవురికీ అక్కర్ల్యా ఆ సిమెంటు. పొద్దు కూకేదాక కలిపినాడు, గట్టిపడితే నీళ్లు పోసి మళ్లా కలిపినాడు. ఇద్దరికి సెలవియ్యమంటే కంపెనీ ఒకరికే అన్నింది గదా మేస్త్రీ. నువ్వు పో అని ఆయప్పే నీ పేరు రాయించినాడు.”

“ఆరేండ్లు పట్టిందా నీకు ఇది చెప్ప?”

“నువ్వు అడగల్యా.”

లేచి బండి నీడకు మార్చడానికి పోయాడు. చెడ్డవాడు. ఇట్లాంటివి చెప్పి లేచిపోతాడు. నేను కాలువలోకి చూస్తూ కూర్చున్నాను. మెరుగు పెట్టిన గచ్చులో ఎండ మెరుస్తోంది, గుడ్డు పెంకు లోపలి వైపులాగా. వాడికీ అక్కే కదా అన్న మాట నా బుర్రలోకి వచ్చింది. ఆరేళ్లలో రాలేదా? వచ్చే ఉంటుంది. తోసేసి ఉంటాను. చనిపోయిన నా భార్య అని అనుకున్నానే గాని, చనిపోయిన వాడి అక్క అని ఎప్పుడూ అనుకోలేదు. అప్పటికి ఒక రోజు నుంచి తెలిసి ఉండి, ఏడవకుండా, ఎర్ర దుప్పటి రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. అక్కకు ఎరుపు ఇష్టమని నాకు తెలియదు. వాడికి తెలుసు. దానికి వాడి మీద కోపమొచ్చింది. ఇన్నేళ్ల కోపంలో ఇది కొత్త రకం, కొంచెం తేలికగా ఉంది.

వకీల్ నాసర్ చేతికర్ర ఎత్తి అరిచాడు. నీడ రాయిని తాకింది.

ఎగువ నుంచి ఏమీ రాలేదు. ఆవలి ఒడ్డున తోటలవాళ్లు పారలు పట్టుకుని నిలబడ్డారు. ఇంజినీరు కమాను కిందికి దిగి తల పైకెత్తి చూస్తున్నాడు, చుక్క కోసం. ముందు వాసన వచ్చింది. తడిసిన దుమ్ము వాసన, ఏ దేశంలోనైనా ఒకటే. తర్వాత నీళ్ల నాలుక బురుజు కిందుగా కనిపించింది. ముందర దుమ్ము తోసుకుంటూ, దుమ్ము మీద ఖర్జూరపు ఆకు ముక్కలు, చీమలు, ఒక టీ కప్పు, తెల్లదొరసాని పారేసిన కాగితం, అన్నీ ఊరేగింపుగా వచ్చాయి. నీళ్లు తొందరపడలేదు. కొత్త కోడలు ఇల్లు చూస్తున్నట్టు గోడలను తాకుతూ తాకుతూ వచ్చాయి. నేను పక్కనే నడిచాను. నడుస్తున్నానని తెలియలేదు. మొదటి కమాను, రెండో కమాను. వాలు సరిపోయింది. మూడో కమాను దగ్గర నీళ్లు కొంచెం ఆగి, లేచి, మళ్లీ కదిలాయి. నా గుండె కూడా అట్లాగే చేసింది. నాలుగో కమాను దాటి అవతలి బురుజు కిందికి దూరాయి. కింద నుంచి ఇంజినీరు కేక. డ్రై! ఫుల్ డ్రై, మేస్త్రీ! వాడిని చదువుకున్న గాడిద అనుకున్నందుకు ఏమీ బాధపడను, కానీ ఆ కేక మాత్రం బంగారం. నా అరచేతులు పిట్టగోడ మీద దబదబ కొడుతున్నాయి. నీళ్ల మీద నీళ్లు పోతున్నాయి సారూ. చూడవే శాంతవ్వా, నీ బెల్లం, నీ కరక్కాయ, సముద్రం ఇవతల. యాభై ఏడేళ్ల మనిషిని, ఇస్త్రీ చొక్కాలో, పిట్టగోడను తబలా చేసుకున్నాను.

అప్పుడు అవతలి బురుజు తలుపు బయట నుంచి వకీల్ నాసర్ గొంతు. “పానీ కిధర్ హై?”

నీళ్లు పోతూనే ఉన్నాయి కదా అని అందరం అటు పరిగెత్తాం. తలుపు బయట, కాలువకు మనిషెత్తు కింద, ఒక రాతి తొట్టి. దానిపైన గోడలోంచి రాతి పెదవి ఒకటి పొడుచుకొచ్చి ఉంది. ముసలాయన తొట్టి ముందు చేతులు చాచి నిలబడ్డాడు, కడుక్కోవడానికి. పెదవి పొడిగా ఉంది. దానికి నీళ్లు దింపే బొక్క నాకు తెలుసు. పని మొదలుపెట్టిన నాలుగో రోజు కాలువ అడుగున చూశాను, రెండు వేళ్లు పట్టేంత. మా దగ్గర నీళ్లు ఆపే కట్టలో బొక్క కనబడితే ఎవరిదని అడగరు. బుంగ అంటే బుంగే, రాత్రికి ఊరు ముంచుతుంది. మట్టి దొరికితే మట్టి, లేకుంటే కాలి చెప్పు కుక్కి అయినా మూస్తాం, పెద్దలు మాకు బుద్ధి రాకముందే నేర్పిన పని. రాతి ముక్కలు కుక్కి, గచ్చు కొట్టి, మెరుగు పెట్టి, ఎవరికీ చెప్పకుండా గర్వపడ్డాను.

“గేట్ బంద్ కరో, పానీ బంద్ నహీ,” అన్నాడు ముసలాయన, ఓపికగా, చిన్నపిల్లలకు చెప్పినట్టు. కోట తలుపు మూసిన రాత్రి బయట చిక్కుకున్నవాడికి, వాడి గాడిదకు, శత్రువైనా సరే, ఈ తొట్టి. ముందు తొట్టి తడవాలి, తర్వాతే తోటలు. ఏడు వందల ఏళ్ల మాట. పారలవాళ్లు ఎదురుచూస్తున్నారు. రేపు డ్రిల్ మిషన్ తెస్తానన్నాడు ఇంజినీరు. ముసలాయన చాచిన చేతులు దించలేదు.

ఇస్తారి సంచి తెరిచాడు. ఉలి, సుత్తి నా ముందు పెట్టాడు. పొడుగు ఇనుప చువ్వ తీసుకుని తొట్టిలోకి దిగాడు.

కాలువలో మోకాళ్ల మీద కూర్చున్నాను. నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. అడుగున చేత్తో వెతికాను. నేను మూసిన చోటు నాకే దొరకలేదు, అంత నున్నగా ఉంది. సిగ్గుపడాలో మురవాలో తెలియలేదు, మురిశాను. అప్పుడు అరచేతి కింద టక్ టక్ మంది. కింద నుంచి ఇస్తారి చువ్వతో పొడుస్తున్నాడు. రాతిలోంచి వాడి చెయ్యి నా చేతికి తెలిసింది. అక్కడ ఉలి పెట్టి కొట్టాను. ఉలి ఎగిరింది. మళ్లీ కొట్టాను. గీత పడింది. పది, ఇరవై. ఎంత గట్టిదే నువ్వు, అన్నాను పైకే. ఎవరితో అన్నానో అక్కడున్నవాళ్లకు తెలియదు. నవ్వుతూ కొట్టాను, చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది, నా చేతుల్తో వేసిన గచ్చు నా చేతుల్ని ఓడిస్తుంటే ఇంత సంతోషం ఎప్పుడూ ఎరగను. ముప్పయ్యో దెబ్బకు రాతి ముక్క ఒకటి కదిలి కింద వైపుకు జారడం ఉలికి తెలిసింది. ముక్కలన్నీ వాడి మొహం మీద పడతాయి. తల పెదవి కిందే పెట్టి చూస్తుంటాడు, ఎప్పుడూ అంతే. జిలాని దగ్గర లేడు. గోడ లేదు, బకెట్ బండిలో ఉంది. చెప్పడానికి ఇంకెవరూ లేరు.

“ఇస్తారీ! జరుగు బే, నెత్తి పలుగుతది!”

కింద చప్పుడు ఆగింది.

“జరిగిన బావా! కొట్టు!”

కొట్టాను. నీళ్లు గుడుగుడుమని నా వేళ్ల మధ్య నుంచి దిగాయి. కింద కేకలు, ముసలాయన చప్పట్లు, పారలు గలగల. పిట్టగోడ మీంచి వంగి చూశాను. రాతి పెదవి నుంచి నీళ్లు వంపు తిరిగి పడుతున్నాయి, కింద ఇస్తారి జరగనే లేదు, నిండా తడిసి, చేతిలో పడిన గచ్చు పెళ్లను గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

“ఏమంటున్నది?” అన్నాను.

“నిన్ను తిడుతున్నది బావా.”

మాఫ్ చేశానని ఎవరూ అనుకోవద్దు. దుప్పటి సంగతి దుప్పటిదే. తిరుగు దారిలో జిలాని చాయ్ దుకాణం ముందు బండి ఆపాడు. వెనక సీట్లో ఇస్తారి తడి చొక్కాతో వణుకుతూ, అలవాటు కొద్దీ కాళ్ల మధ్యకు వంగాడు.

“బకెట్, బావ చాయ్ తాగుతడేమో అడుగు.”

“బకెట్‌ను అడుగుడేందిరా? నన్నడుగు.”

అడిగాడు.